వడిసెల తాడు ఎంత పొడవుండాలి?

2025 ఏప్రిల్‌లో ఐదు వారాల పాటు మా అక్కను తీసుకుని రోజూ ఉదయం ఎనిమిదింటికల్లా కర్నూలులోని ఒక క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేదాన్ని. రేడియేషన్ ఇచ్చే గది తలుపు మందం చూస్తేనే కొత్తవాళ్లకు గుండె జారుతుంది. రోగి లోపల ఉండేది పది నిమిషాలు, మేము బయట బల్లల మీద కూర్చునేది గంటలు. అక్కడ పరిచయాలు తొందరగా కలుస్తాయి. ఒకరి ఫ్లాస్కులో టీ ఇంకొకరు తాగుతారు, ఒకరి పత్రిక నలుగురి చేతులు మారుతుంది.

ఒకరోజు పత్తికొండ వైపు నుంచి భార్యను తీసుకొచ్చిన ఒక పెద్దాయన నా చేతిలోని పత్రిక అడిగి తీసుకున్నారు. జెనీవా దగ్గరి కణభౌతిక పరిశోధన సంస్థ సెర్న్, కణాలను తిప్పి ఢీకొట్టే యంత్రం కోసం 91 కిలోమీటర్ల చుట్టుకొలతతో కొత్త సొరంగం తవ్వడం సాధ్యమేనా అని చేసిన అధ్యయనం గురించి అందులో వార్త ఉంది. ఆయన మెల్లగా అంతా చదివి, "అమ్మా, లోపల నా భార్యకు పెట్టే యంత్రం కూడా ఈ జాతిదేనని నిన్న టెక్నీషియన్ చెప్పాడు. అది ఒక గదిలో పట్టింది. దీనికి తొంభై కిలోమీటర్లు ఎందుకు?" అని అడిగారు.

నేను 31 ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. "వేగం కోసం అన్నా. బాగా వేగం అందుకోవాలంటే పొడవైన దారి ఉండాలి కదా" అన్నాను. ఆయన తలూపారు. ఇంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది, లేచి వెళ్లారు. ఇంటికి వచ్చి వంటింట్లో బియ్యం కడుగుతుంటే నేనేం చెప్పానో గుర్తొచ్చి చేతులు ఆగిపోయాయి. నేను చెప్పింది తప్పు. మర్నాటి నుంచి వాళ్ల సమయం మారింది, ఆయన మళ్లీ కనబడలేదు. ఆయనకు నేను చెప్పి ఉండవలసిన జవాబు ఇది.

వేగం కోసమన్నది ఎందుకు తప్పో ముందు లెక్క వేసి చూద్దాం. సెర్న్‌లో ఇప్పటి పెద్ద యంత్రం లార్జ్ హాడ్రాన్ కొలైడర్. దాని వలయం చుట్టుకొలత దాదాపు 27 కిలోమీటర్లు. చిన్న యంత్రాల వరుసంతా దాటి ప్రోటాన్లు (పరమాణు కేంద్రకంలోని ధనావేశ కణాలు) ఆ వలయంలో అడుగుపెట్టే సమయానికే వాటి శక్తి 45 వేల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల శక్తిని కొలిచే చిన్న ప్రమాణం), వేగం కాంతి వేగంలో 99.9997 శాతానికి పైన. వలయంలో వాటి శక్తిని 7 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల దాకా పెంచేలా యంత్రాన్ని రూపొందించారు. అంటే శక్తి 15 రెట్లకు పైగా పెరుగుతుంది. మరి వేగం? సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల మీద ఒక్క కిలోమీటరు కూడా పెరగదు. పెరగడానికి అక్కడ చోటే లేదు. అంత పెద్ద సొరంగాన్ని వేగం కోసం తవ్వారనడం, ఊరి చివరి ఇంటి నుంచి పొలిమేర దాకా వెళ్లడానికి రైలు వేశారన్నట్టు ఉంటుంది.

ఇంకో లెక్క నన్ను మరీ కదిలించింది. మా అక్కకు వాడిన వైద్య యంత్రంలో ఎలక్ట్రాన్లను తోసేది సుమారు మూరెడు పొడవున్న రాగి గొట్టం. దాన్ని దాటేసరికి ఎలక్ట్రాన్‌కు 60 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వస్తుంది. అవి బరువైన లోహపు పలకను గుద్దుకుంటే పుట్టే ఎక్స్ కిరణాలే కణితి మీద పడతాయి. లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో ప్రోటాన్ సెకనుకు 11,245 సార్లు వలయం చుట్టి వస్తుంది, పూర్తి శక్తికి చేరడానికి 20 నిమిషాల దాకా పడుతుంది. భాగించి చూడండి. ఒక్కో చుట్టుకు దానికి దక్కే తోపు సుమారు 5 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులే. 27 కిలోమీటర్ల చుట్టు మొత్తంలో ఆ యంత్రం కణానికి ఇచ్చేది, ఆసుపత్రి గదిలోని మూరెడు గొట్టం ఇచ్చేదాంట్లో పదో వంతు కూడా లేదు! తోసే పరికరాలు సొరంగంలో ఒక చిన్న భాగంలోనే ఉంటాయి. మరి మిగతా కిలోమీటర్లన్నీ దేనికి?

కణాన్ని వంచడానికి.

కోడుమూరు వైపు మా జేజినాయనకు జొన్నచేను ఉండేది. కంకి పాలుపోసుకునే రోజుల్లో మంచె మీద కూర్చుని వడిసెలతో పిట్టలను తోలేవారు. నా చేతికీ ఒక చిన్న వడిసెల ఇచ్చారు. రాయి ఎంత వేగంగా తిరిగితే తాడు చేతిని అంత గట్టిగా లాగుతుందని, నా చేయి పట్టలేని చోట తాడు జారిపోయి రాయి తిన్నగా పక్కచేలోకి పోతుందని అక్కడే తెలిసింది. వలయంలో తిరిగే దేన్నైనా నిమిషనిమిషం లోపలికి లాగుతూ ఉండాలి. లాగకపోతే అది తిన్నగా పోతుంది. చేతి బలానికి ఒక హద్దు ఉన్నప్పుడు, అంతకన్నా ఉద్ధృతంగా తిరిగే రాయిని పట్టి ఉంచడానికి మిగిలే ఉపాయం ఒక్కటే. తాడు పొడవు పెంచాలి. పెద్ద వలయంలో దారి మెల్లగా వంగుతుంది, లాగవలసిన బలం తగ్గుతుంది.

యంత్రంలో ఆ చేయి అయస్కాంతం. వడిసెలలో చేయి రాయిని తోస్తుంది కూడా, ఇక్కడ అయస్కాంతానికి ఆ పని లేదు. అది కణం శక్తిని వీసమెత్తు కూడా పెంచదు, దారి మాత్రమే మారుస్తుంది. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం అయస్కాంతత్వం పాఠంలో దీని సూత్రం ఉంది. వలయం వ్యాసార్ధం అంటే కణం ద్రవ్యవేగాన్ని (శక్తితో పాటు పెరిగే దాని ఉరవడిని) దాని ఆవేశంతోనూ అయస్కాంత క్షేత్రంతోనూ భాగిస్తే వచ్చేది. ప్రోటాన్ ఆవేశం ప్రకృతి ఇచ్చింది, మనం మార్చలేం. ద్రవ్యవేగం మనకు కావలసినంత పెంచుకుంటూ పోవాలి. ఇక మన చేతిలో ఉన్నది క్షేత్రం ఒక్కటే. అది ఎక్కడ ఆగిపోతే అక్కడి నుంచి వ్యాసార్ధం పెరగడం మొదలవుతుంది.

ఆ క్షేత్రం ఎక్కడ ఆగింది? ఇనుప అయస్కాంతాలు సుమారు 2 టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత క్షేత్రానికి కొలత) దగ్గర సంతృప్తమైపోతాయి. వాటితోనే కట్టి ఉంటే ఈ వలయం వంద కిలోమీటర్లు దాటేది. అందుకని నియోబియం-టైటానియం తీగ చుట్టిన అతివాహక (బాగా చల్లబరిస్తే కరెంటుకు నిరోధమే ఉండని) అయస్కాంతాలు పెట్టారు. వంపు తిప్పేవే 1,232. ఒక్కోటి 15 మీటర్ల పొడవు, సుమారు 35 టన్నుల బరువు. వాటిని ద్రవ హీలియంతో మైనస్ 271.3 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరుస్తారు, నక్షత్రాల మధ్య శూన్యం కన్నా చల్లగా. ఇంత చేస్తే దక్కింది 8.33 టెస్లాలు. కర్నూలులో దిక్సూచి ముల్లును తిప్పే భూమి క్షేత్రానికి అది దాదాపు 2 లక్షల రెట్లు. ఇంకొంచెం పెంచితే? ఆ తీగకు అంతకు మించి ఓర్పు లేదు. ఉష్ణోగ్రత రవ్వంత పెరిగినా, క్షేత్రం హద్దు దాటినా అతివాహకత పోతుంది. అప్పటిదాకా నిరోధం లేకుండా పోతున్న 11 వేల ఆంపియర్లకు పైబడిన కరెంటు ఒక్కసారిగా వేడిగా మారుతుంది. 2008 సెప్టెంబర్ 19న, యంత్రం మొదలైన తొమ్మిది రోజులకే, రెండు అయస్కాంతాల మధ్య ఒక్క అతుకు లోపం వల్ల హీలియం టన్నుల కొద్దీ చిమ్మి పదుల సంఖ్యలో అయస్కాంతాలు దెబ్బతిన్నాయి. మళ్లీ కిరణం తిరగడానికి ఏడాదికి పైగా పట్టింది. (ఆ బరువైన అయస్కాంతాలు ఒక్కోటీ మూడేసి జాకీల మీద కూర్చుని ఉంటాయి. వెంట్రుక మందం తేడా లేకుండా వాటిని సర్దే ఆ జాకీలు వేల సంఖ్యలో మన దేశం నుంచే వెళ్లాయి. నా విద్యార్థులకు ఈ మాట చెప్పినప్పుడల్లా నా గొంతు కొంచెం పెరిగేది.)

కాబట్టి ఆ 27 కిలోమీటర్లు మన అయస్కాంతాల బలహీనతకు కొలత. 2012 జూలై 4న హిగ్స్ బోసాన్ అనే కణం ఈ యంత్రంలో కనబడిందని ప్రకటించినప్పుడు వారం రోజుల పాటు దైవకణం, దైవకణం అని ఊదరగొట్టారు. దాన్ని పట్టిన యంత్రం ఎందుకంత పెద్దదో నలుగురికి అర్థమయ్యేలా రెండు వాక్యాలు రాసినవారు నా కంటికి కనబడలేదు. అందుకు నాకు ఇప్పటికీ బాధే.

అసలు అంత శక్తి ఎందుకు కావాలన్నది న్యాయమైన ప్రశ్న. మొద్దుబారిన గడ్డపారతో నువ్వుగింజ పొట్టు తీయలేం. కణానికి తరంగదైర్ఘ్యం ఉంటుంది, ద్రవ్యవేగం పెరిగే కొద్దీ అది తగ్గుతుంది. 7 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ తరంగదైర్ఘ్యం ప్రోటాన్ పరిమాణంలో వెయ్యో వంతు కన్నా తక్కువ. ప్రోటాన్ లోపల ఏముందో వెతకడానికి అంత సన్నని మొన కావాలి. పైగా ఐన్‌స్టీన్ సమీకరణం ప్రకారం, ప్రోటాన్‌కు 133 రెట్ల ద్రవ్యరాశి ఉన్న హిగ్స్‌ను పుట్టించాలంటే కనీసం అంత శక్తి ఢీకొన్న చోట దొరకాలి. ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. కదలకుండా ఉన్న లోహపు ముక్క మీదికి ఆ ప్రోటాన్‌ను వదిలితే, ఢీకొన్న తర్వాత తునకలన్నీ ముందుకే దూసుకుపోవాలి కాబట్టి శక్తిలో అత్యధిక భాగం ఆ పరుగుకే పోతుంది. కొత్త కణం పుట్టడానికి మిగిలేది 11,500 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులే. హిగ్స్‌కు కావలసింది 12,500 కోట్లు! అందుకే రెండు కిరణాలను ఎదురెదురుగా తిప్పి ముఖాముఖి ఢీకొట్టిస్తారు. అది చేయకపోతే ఈ 27 కిలోమీటర్ల వలయం కూడా హిగ్స్‌కు చాలదు.

వంచడమే ఇంత కష్టమైతే తిన్నగా తోసుకుంటూ పోవచ్చు కదా అని చురుకైన విద్యార్థి ఎవరైనా అడుగుతారు. ఏటా పిల్లలను బెలుం గుహలకు తీసుకెళ్లేదాన్ని. ఆ గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు. దాదాపు సరిగ్గా అంతే పొడవున 1966లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్‌లో తిన్నని యంత్రం కట్టారు. బెలుం లోపల ఉక్కపోతలో నడుస్తూ చెమట తుడుచుకుంటున్న పిల్లలతో, ఇంత దూరం ఆపకుండా తోస్తే ఎలక్ట్రాన్‌కు 5 వేల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయని చెప్పేదాన్ని. ఆ లెక్కన 7 లక్షల కోట్లకు చేరాలంటే అలాంటివి 140 కావాలి, అంటే 448 కిలోమీటర్లు. కర్నూలులో మొదలుపెడితే బెంగళూరు దాటి ఇంకా వంద కిలోమీటర్ల పైన పోవాలి. అదీ ఒక కిరణానికే. తిన్నని దారిలో ప్రతి మీటరూ ఒక్కసారే పనికొస్తుంది. వలయంలో అదే తోపుడు పరికరం ప్రతి చుట్టులోనూ మళ్లీ మళ్లీ పనిచేస్తుంది. 1931లో అమెరికాలోని బర్క్లీలో భౌతిక శాస్త్రవేత్త లారెన్స్, సైక్లోట్రాన్ అనే కణాలను గుండ్రంగా తిప్పే నాలుగున్నర అంగుళాల యంత్రంలో 80 వేల ఎలక్ట్రాన్ వోల్టులు సాధించింది ఈ ఉపాయంతోనే. అరచేతిలో పట్టే వస్తువు అది.

మరి స్టాన్‌ఫర్డ్ వాళ్లకు ఈ ఉపాయం తెలియదా? తెలుసు. వాళ్లవి ఎలక్ట్రాన్లు. ఆవేశం ఉన్న కణాన్ని వంచితే అది వెలుగు రూపంలో శక్తిని వదిలేస్తుంది. ఎలక్ట్రాన్ ప్రోటాన్ కన్నా 1,836 రెట్లు తేలిక. ఈ నష్టం ఆ నిష్పత్తి నాలుగో ఘాతంతో పెరుగుతుంది, అంటే పది లక్షల కోట్ల రెట్లకు పైన. ఎలక్ట్రాన్ శక్తిని రెట్టింపు చేస్తే చుట్టుకు నష్టం 16 రెట్లు. ఇప్పుడు ప్రోటాన్లు తిరుగుతున్న ఇదే సొరంగంలో 1989 నుంచి 2000 దాకా ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు (ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్ల జంటకణాలు) తిరిగాయి. చివరి రోజుల్లో ఒక్కో చుట్టుకు వాటి శక్తిలో సుమారు మూడు శాతం వెలుగై పోయేది, మళ్లీ నింపవలసి వచ్చేది. దీనికి మందు బలమైన అయస్కాంతం కాదు, అది ఇంకా గట్టిగా వంచి నష్టాన్ని పెంచుతుంది. వంపునే తగ్గించాలి, అంటే వలయాన్నే పెంచాలి. కాబట్టి ఎలక్ట్రాన్ వలయం ఒక కారణంతోనూ ప్రోటాన్ వలయం మరో కారణంతోనూ పెద్దవవుతాయి. సెర్న్ తలపెట్టిన 91 కిలోమీటర్ల సొరంగంలో మొదట తిప్పాలనుకుంటున్నది ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లనే.

ఈ నియమాన్ని ప్రకృతి కూడా తప్పించుకోలేదు. 1991 అక్టోబర్‌లో అమెరికాలోని ఊటా మీద ఆకాశం నుంచి వచ్చి పడిన ఒక్క కాస్మిక్ కిరణంలో లార్జ్ హాడ్రాన్ కొలైడర్ ప్రోటాన్‌కు 4.5 కోట్ల రెట్ల శక్తి ఉంది. మన అయస్కాంతాలతో అలాంటి ప్రోటాన్‌ను తిప్పాలంటే వలయం వ్యాసార్ధం 12 కోట్ల కిలోమీటర్లు దాటుతుంది, శుక్రుడి కక్ష్య కన్నా పెద్దది. అటువంటి కణాలు ఎక్కడ పుట్టగలవో వెతికేటప్పుడు 1984లో ఖగోళ భౌతిక శాస్త్రవేత్త మైకేల్ హిలాస్ పెట్టుకున్న షరతు కూడా మన పాఠ్యపుస్తకంలోని సూత్రానికి దగ్గరి చుట్టమే. క్షేత్రాన్ని పరిమాణంతో గుణిస్తే చాలినంత రావాలి. క్షేత్రం బలహీనంగా ఉన్నచోట ఆకాశంలోని యంత్రమైనా బ్రహ్మాండంగా ఉండవలసిందే.

ఇక డబ్బు సంగతి. పత్తికొండ నుంచి వైద్యానికి పొద్దున్నే బస్సు పట్టుకుని వచ్చే మనిషి ఈ ప్రశ్న అడిగితే విసుక్కునే హక్కు ఎవరికీ లేదు. అమెరికాలోని టెక్సస్‌లో 87 కిలోమీటర్ల వలయం మొదలుపెట్టి, 20 కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వి, దాదాపు 200 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 1993 అక్టోబర్‌లో ఆపేశారు. ఆ సగంలో ఆపడమే నా దృష్టిలో అసలైన దుబారా. సొరంగం యంత్రం కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. ఎలక్ట్రాన్ల కోసం తవ్విన దాంట్లోనే ఇప్పుడు ప్రోటాన్లు తిరుగుతున్నాయి. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉన్న చెరువును చూసినవారికి ఈ మాట విడమరచనక్కర్లేదు. తవ్వించింది విజయనగర రాజకుమారుడు. ఆ నీళ్లతో ఎన్ని తరాలు ఏయే పంటలు పండిస్తాయో ఆనాడు ఎవరు లెక్కగట్టారు?

అయినా తవ్వకమే ఏకైక దారి అని నేను అనను. అయస్కాంతాల మీద, తోపుడు గొట్టాల మీద పరిశోధనకు ఖర్చుపెట్టే ప్రతి రూపాయీ సొరంగం పొడవును తగ్గించే రూపాయి. దానికి ముందు వరుసలో చోటుండాలి. 2019లో బర్క్లీ శాస్త్రవేత్తలు లేజర్‌తో ప్లాస్మాలో (పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువులో) అల పుట్టించి, 20 సెంటీమీటర్లలో ఎలక్ట్రాన్లకు 780 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు ఇచ్చామని ప్రకటించారు. స్టాన్‌ఫర్డ్ యంత్రానికి అందుకు అర కిలోమీటరు కావాలి. రాగి గొట్టంలో క్షేత్రం హద్దు మీరితే నిప్పురవ్వలు లేచి లోహం దెబ్బతింటుంది. ప్లాస్మా అప్పటికే విడిపోయి ఉంది, ఇంక చెడేదేమీ లేదు. అయితే ఢీకొట్టే యంత్రానికి ఇది ఇంకా పనికిరాదు. అలాంటి దశలు ఒకదాని వెనుక ఒకటి గురి తప్పకుండా అతకాలి, కణాలన్నిటికీ దాదాపు ఒకే శక్తి ఉండాలి, సెకనుకు వేలసార్లు జరగాలి. ఇవన్నీ కుదిరిన రోజు ఎలక్ట్రాన్ల సంగతి మారిపోతుంది. ప్రోటాన్లను వలయంలో వంచే బాధ మాత్రం అప్పటికీ అయస్కాంతాలదే.

నా వృత్తి మీద నాకున్న ఫిర్యాదు కూడా చెప్పాలి. ఆ వ్యాసార్ధం సూత్రాన్ని ప్రవేశ పరీక్షల కోసం వేలమంది పిల్లల చేత వల్లె వేయించాం. క్షేత్రం రెట్టింపైతే వ్యాసార్ధం ఎంత అని అడిగితే నిద్రలో కూడా సగం అని చెబుతారు. ఆ సగమనే మాటలో మైళ్ల కొద్దీ సొరంగం ఉందని మేం చెప్పలేదు. పటం, దారం, పెన్సిలు చాలు. పదవీ విరమణకు ముందు ఆఖరి సంవత్సరం నేను అదే చేశాను. కర్నూలు పటం మీద కొండారెడ్డి బురుజు దగ్గర గుండుసూది గుచ్చి, 27 కిలోమీటర్ల వలయం వ్యాసార్ధమైన నాలుగుంపావు కిలోమీటర్ల కొలతకు దారం కట్టి తిప్పమన్నాను. గీత తుంగభద్రను రెండుసార్లు దాటింది. నది అవతల తెలంగాణ కదా మేడమ్ అని ఒక అమ్మాయి అంది. అవును, అసలు వలయం కూడా స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దును అలాగే దాటుతుందని చెబితే తరగతి అంతా పటం మీదికి వంగింది. తర్వాత ఇనుప అయస్కాంతాలైతే దారం ఎంత ఉండాలో వాళ్లే లెక్కకట్టుకున్నారు, నేను అడగకుండానే.

పత్తికొండ పెద్దాయన ఇంట్లో పిల్లలెవరైనా ఇది చదివితే, మీ తాతగారి దగ్గర కూర్చుని ఆ పటం గీసి చూపించండి. 91 కిలోమీటర్ల వలయానికి దారం పద్నాలుగున్నర కిలోమీటర్ల కొలతకు ఉండాలి. అలంపురం గుళ్లు దాని లోపలికే వస్తాయి. ఆసుపత్రిలో ఒకామె వేగం కోసమని చెప్పింది తప్పట తాతా, వంచడం కోసమట అని చెప్పండి. ఆయన చేతికి వడిసెల తెలిసే ఉంటుంది.